కరకట్ట మీద కెమెరా

చినగుడిలంక,
9 జూన్ 1958.

మావయ్యకి వసుంధర నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఇందిర రెండో క్లాసులోకి వచ్చింది. అత్తయ్య మోకాళ్లకి ఆ తైలం పనిచేసిందో లేదో ఈసారైనా రాయండి. మాగాయ పెట్టాను. బందరు వచ్చేవాళ్లెవరైనా దొరికితే జాడీ పంపిస్తాను.

ఇక అసలు సంగతి. నాకొక కెమెరా కావాలి. నవ్వకండి. పెద్ద గాజు ప్లేటు పట్టేదై ఉండాలి, నేనొక్కదాన్నే భుజాన వేసుకుని నడవగలిగేదై ఉండాలి, మా స్తోమతకి తగినదై ఉండాలి. స్టూడియో పెట్టుకున్న మావయ్య ఉండగా ఇంకెవర్ని అడగను?

ఎందుకో చెప్తాను. మా ఇల్లు కరకట్ట కింద పల్లంలో ఉంది కదా. కట్టకి అవతల కృష్ణ. రేవుకీ తూముకీ మధ్య కట్ట మీద బీటలు వచ్చాయి, కట్ట వెంటే పొడుగ్గా. ఏటివైపు వాలులో వరసగా నాటిన తుమ్మచెట్లు నీళ్లవైపు ఒరుగుతున్నాయి. ఆయనతో అంటే గాలికి ఒరిగాయన్నారు. కట్టల పని చూసే ఓవర్సీరు వచ్చి కట్ట మీద అటూ ఇటూ నడిచి, "ఎండలకి నేల బీటలు తియ్యదా అమ్మా?" అన్నాడు. స్కూలు మాస్టారి డబ్బా కెమెరాతో ఫోటోలు తీయించి అతనికి చూపించాను. అవి అరచేతిలో సగం కూడా లేవు. "ఇది బీటా, ఫోటో మీద పడ్డ వెంట్రుకా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు.

వెంట్రుక కాదని తెలియాలంటే పెద్ద ఫోటో కావాలి. ఒకే చోట నిలబడి మళ్లీ మళ్లీ తీయాలి. వరదలొచ్చేలోగా తీయాలి. మావయ్యా, పొద్దున లేవగానే మొహం కూడా కడుక్కోకుండా ఆ బీటల దగ్గరికే వెళ్తున్నాను. అవి పెరుగుతున్నాయి. ఎవరితో చెప్పినా బీటల్ని చూడరు, నా మొహం చూస్తారు.

ఏది కొనమంటారో రాయండి.

వసుంధర


బందరు,
17 జూన్ 1958.

అమ్మాయ్ వసుంధరా,

నీ ఉత్తరం మీ అత్తయ్యకి చదివి వినిపించాను. తైలం వల్ల వాసన తప్ప ఏమీ రాలేదట. మాగాయ మాత్రం తప్పకుండా పంపమంది.

కెమెరా ఆలోచన నాకు నచ్చింది. పోయినేడు మీ రేవులో పడవ తిరగబడ్డప్పటినుంచి నువ్వు నీళ్లంటే హడలిపోతున్నావని మాకు తెలుసు. నిన్నూ పిల్లనీ ఒడ్డుకి లాగారు, నీ పక్కన కూర్చున్న ఆవిడ దక్కలేదు. నీ చోట ఎవరున్నా అంతే. నల్లగుడ్డలో తల దూర్చి, అద్దం మీద తలకిందులుగా కనపడే బొమ్మని సరిచూసుకుంటూ ఉంటే మిగతా లోకం గుర్తుండదు. ఇందిరని తియ్యి. అరటితోటలు తియ్యి. గేదెలు కూడా బాగా వస్తాయి, మనుషుల్లా కళ్లార్పవు. కట్ట జోలికి మాత్రం పోకు.

ఇక ఏది కొనాలి అంటే, ప్లేటు ఎంతుంటే బొమ్మ అంతే అచ్చుపడుతుంది. క్వార్టర్ ప్లేటు కెమెరా తేలికే గానీ బొమ్మ పేకముక్కంత ఉంటుంది. ఫుల్ ప్లేటయితే మనిషి తల మీద వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. నా దగ్గర ఇంగ్లీషువాళ్ల నాటి ఫుల్ ప్లేటు కెమెరా ఒకటుంది. స్టాండూ ప్లేట్లూ కలిపితే మణుగు పైమాటే. కొత్తగా నేర్చుకునేవాళ్లకి బరువే మేలు, గాలికి కదలదు. దాన్ని నీకు ఊరికే ఇచ్చేస్తాను. తొందరేముంది, దసరా వెళ్లాక బండి కట్టించుకుని వచ్చి తీసుకెళ్లు.

ఆశీస్సులతో,
మావయ్య పాండురంగారావు


చినగుడిలంక,
24 జూన్ 1958.

మావయ్యకి,

దసరా నాటికి వరదలు వచ్చి పోతాయి కదా మావయ్యా. అప్పుడు నేను దేన్ని తీయను?

మణుగు బరువు మోస్తూ కట్ట మీద నేనెలా నడుస్తాను? తొలకరికే అక్కడ బంక మట్టి కాలు పట్టుకుంటోంది. బండి రేవు దాకా రాదు. మీరు మోయలేని దాని గురించి రాశారు, మోయగలిగినా పనికిరాని దాని గురించి రాశారు. ఆ రెంటికీ మధ్య ఏదీ ఉండదా?

ఆదివారం ఆయన నన్ను మోపిదేవి తీసుకెళ్లారు. స్వామికి మొక్కుకుంటే భయం పోతుందని. మొక్కుకున్నాను, కట్ట నిలబడాలని. బయటికొచ్చాక "ఇప్పుడెలా ఉంది?" అని ఆయన ఎంతో ఆశగా అడిగారు. బాగానే ఉందన్నాను. ఆ మాట విని చాలా సంతోషించారు పాపం. దారంతా జోకులు చెబుతూనే ఉన్నారు.

ఇంటికి రాగానే నేను బీట చూడ్డానికి వెళ్లాను. ఆ పూట ఆయన అన్నం సరిగ్గా తినలేదు.

వసుంధర


బందరు,
2 జూలై 1958.

అమ్మాయ్,

మధ్యరకం అంటే హాఫ్ ప్లేటు. మద్రాసు రాసి కనుక్కున్నాను. విదేశీ సరుకు దిగుమతి బిగించేశారట, ఉన్నవాటి ధర మనం ముట్టుకునేలా లేదు. అలెప్పీలో మనవాళ్లే టేకుతో చక్కగా చేస్తున్నారు గానీ, ఇవాళ చెప్తే ఎప్పటికొస్తుందో తెలియదు. కాబట్టి కొన్నాళ్లు ఓపిక పట్టు.

ఈలోగా ఒక మాట. ఇక్కడ నరాల జబ్బులకి మంచి డాక్టరున్నారు. నెమ్మదస్తుడు. నిన్ను తీసుకురావడానికి భుజంగరావు ఒప్పుకున్నాడు. నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజుల్లోనే మా వరండాలో కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడమ్మా. "మావయ్యగారూ, కెమెరా చేతికొస్తే ఇక ఇంటికే రాదు, ఆ కట్ట మీదే ఉండిపోతుంది" అన్నాడు. నీ మీద ప్రాణం పెట్టుకున్న మనిషి. అతని మాట కొంచెం విను. అత్తయ్య కూడా నిన్ను చూడాలంటోంది. పదిరోజులు మా దగ్గరుందువుగాని.

మావయ్య


చినగుడిలంక,
8 జూలై 1958.

మావయ్యకి,

ఆయన గేదె బేరానికి గుడివాడ వెళ్తున్నానని చెప్పి వెళ్లారు. మీ వరండాకని చెప్పలేదు.

అయితే మీరిద్దరూ కలిసి అనుకునే, నాకు మణుగు బరువు కెమెరా చూపించారన్నమాట. నేను ఒక్క మీకే రాశాను. మీరయినా నమ్ముతారని కాదు, కెమెరా సంగతి అడిగితే కెమెరా సంగతే చెప్తారని.

ఇవాళ జరిగింది రాస్తాను. మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుండగా వెళ్లి బీటలో చెయ్యి పెట్టాను. మోచేతి దాకా వెళ్లింది. లోపల చల్లగా ఉంది. వేళ్లకి తడి తగిలింది. ఎండకి పగిలిన నేల లోపల చల్లగా ఉంటుందా మావయ్యా? చెయ్యి లాక్కుంటే ఎవరో లోపల్నుంచి పట్టుకున్నట్టే అనిపించింది. ఇది రాస్తే మీరు డాక్టరుగారికి చూపిస్తారని తెలుసు. అయినా రాస్తున్నాను.

నేను డాక్టరు దగ్గరికి వస్తాను. ముందు కెమెరా ఇప్పించండి. నాది ఉత్త భయమే అయితే ఫోటోలో అదే తేలుతుంది. చెట్లు ఉన్నచోటే ఉంటాయి. అప్పుడు మీరు ఏ మందు మింగమంటే ఆ మందు మింగుతాను.

వసుంధర


బందరు,
19 జూలై 1958.

అమ్మా వసుంధరా,

నీ ఉత్తరం వచ్చాక నాలో నేనే చాలా మథనపడ్డాను. ఆఖరికి మీ అత్తయ్య అంది: "పిల్ల పందెం సరిగ్గానే కట్టింది. మీరే ఆడకుండా తప్పించుకుంటున్నారు" అని. మర్నాడు గుడివాడ బస్సెక్కాను.

అక్కడ ఖుద్దూస్ అని నా పాత స్నేహితుడు. స్టూడియో మూసేసి కొడుకు సైకిల్ షాపులో కూర్చుంటున్నాడు. హాఫ్ ప్లేటు ఫీల్డ్ కెమెరా ఉంచుకున్నాడని గుర్తొచ్చింది. "ఎవరికి?" అన్నాడు. మా మేనకోడలికన్నాను. "మోసేదెవరు?" అన్నాడు. తనే అన్నాను. వెంటనే దాన్ని మడిచి, తోలుపట్టీ తగిలించి, నా భుజానికి వేసి, "బజారు చివరిదాకా వెళ్లి రా. నొప్పి పెడితే కొనకు" అన్నాడు. వెళ్లొచ్చాను. రెండు వీశెల్లోపే, మణుగులో పావు కూడా లేదు. సన్న చెక్క, ఇత్తడి బందులు తక్కువ.

తేలిక కాబట్టి లోపాలూ ఉన్నాయి. లెన్సు ఉండే ముందుపలక కాస్త వదులు, గాలికి వణుకుతుంది. స్టాండు మధ్యలో తాడుకట్టి ఓ పెద్దరాయి వేలాడదియ్యి. రాయి అక్కడే దొరుకుతుంది కనక మోయక్కర్లేదు. మడతలు మడతలుగా సాగే తోలు బెల్లోసులో దీపం పెట్టి చీకటిగదిలో చూశాం. ఒక మూల చుక్కలా వెలుగు కనపడింది, నల్లబట్ట అంటించాం. పాత కెమెరా ఎవరు కొన్నా ముందు చూడాల్సింది అదే. లెన్సు గీతల్లేకుండా ఉంది. ధర విషయం ఖుద్దూస్ నీకు తగ్గట్టే చూశాడు, దిగులుపడకు.

స్టాండు కట్ట మీద పెట్టకు. రేవు దగ్గర రాతి అరుగు ఉంది కదా, దాని మీద పెట్టి మూడు కాళ్ల చోట్లా ఉలితో గుర్తులు కొట్టు. ఎప్పుడు తీసినా కాళ్లు అక్కడే పడాలి. వెనక అద్దం మీద తూము స్తంభాలు ఎక్కడ కనపడతాయో పెన్సిల్‌తో గీసుకో. ప్రతిసారీ అవి ఆ గీతల మీదికే రావాలి. రాతి తూము కదలదు. మిగతాదాని సంగతి చూద్దాం.

పందెం మర్చిపోకు. చెట్లు కదలకపోతే డాక్టరు.

మావయ్య


చినగుడిలంక,
3 ఆగస్టు 1958.

మావయ్యకి,

మొదటి రెండు ప్లేట్లూ నాశనం చేశాను. ఒకదానికి లెన్సు మూత తీయడం మర్చిపోయాను. ఇంకోదానికి వెలుగుని ఆపే చెక్క పలక మూయకుండానే ప్లేటున్న హోల్డరు బయటికి లాగాను. అక్కడే కూర్చుని ఏడ్చాను. ఇందిర తన గౌనుతో నా మొహం తుడిచింది.

మూడోది సరిగ్గా వచ్చిందనుకుంటున్నాను. గాలి లేని పొద్దున చూసి తీశాను. నల్లగుడ్డలో తల పెట్టి చూస్తే, తలకిందుల బొమ్మలో మా ఇళ్లు పైన, కృష్ణ కింద. నిజంగా అలా ఉంటే ఎంత బాగుండును అనిపించింది. నిజానికి నీళ్లు మా గడపలకంటే ఎత్తుకి వచ్చేశాయి. మధ్యలో కట్ట ఒక్కటే ఉంది. నల్లగుడ్డలో ఉన్నంతసేపు భయం వేయదని మీరు రాశారు. నాకు అక్కడే ఎక్కువ వేసింది. బయట ఉంటే చూపు పక్కకి తిప్పుకోవచ్చు.

ప్లేటుని మాస్టారితో పంపిస్తున్నాను. రెండువారాలాగి, అదేచోట మళ్లీ తీసి పంపుతాను. ఆయన నాతో మాట్లాడుతున్నారు గానీ, కెమెరా ఉన్న మూలకి చూడ్డంలేదు.

వసుంధర


బందరు,
22 ఆగస్టు 1958.

వసుంధరా,

ఈ ఉత్తరం అందగానే ఇందిరని తీసుకుని బందరు వచ్చెయ్యి.

నీ రెండో ప్లేటు నిన్న కడిగాను. ఆరాక మొదటిదాని మీద పెట్టి కిటికీ వెలుగులో పట్టుకున్నాను. తూము స్తంభాలు స్తంభాల మీద సరిగ్గా కూర్చున్నాయి. తూము మీద రాళ్ల అతుకులు కూడా కలిశాయి. నాకు గర్వమనిపించింది, పిల్ల ఎంత బాగా తీసిందీ అని. తర్వాత చెట్లు చూశాను. ప్రతి తుమ్మచెట్టూ రెండుగా ఉంది. మొదట నా చెయ్యి వణికిందేమో అనుకున్నాను. బల్ల మీద పెట్టి, భూతద్దంతో చూశాను. తూము ఒక్కటే, చెట్లు రెండేసి. ప్రతి జంటకీ మధ్య గోరు మందం సందు. గోరు మందమే అమ్మా, కానీ అంత చిన్న బొమ్మలో గోరు మందమంటే కట్ట మీద మూరెడు. చెట్లు ఒరగలేదు. నేలతో సహా జరిగాయి.

మీ అత్తయ్యని పిలిచి చూపించాను. ఆవిడ చూసి, "ముందు వాళ్లని రమ్మని రాయండి" అంది.

రెండింటికీ అచ్చులు తీసి ఇంజనీరాఫీసులో ఇచ్చాను. అక్కడి పెద్ద ఇంజనీరు మొదట నిలబడే చూశాడు, తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఇది తీసిందెవరు?" అన్నాడు. వారంలో వస్తానన్నాడు. వారం దాకా ఎందుకండీ అంటే, తనకింద ఇంకెన్ని కట్టలున్నాయో చెప్పుకొచ్చాడు.

ప్లేట్లు రెండూ గుడ్డలో చుట్టి మాస్టారితో పంపుతున్నాను. భుజంగరావుకి చూపించు. నేను అతనితో నీ గురించి అన్న మాటలన్నీ వెనక్కి తీసుకున్నానని చెప్పు. డాక్టరు మాట మరిచిపో. వచ్చెయ్యి.

మావయ్య


చినగుడిలంక,
27 ఆగస్టు 1958.

మావయ్యకి,

ప్లేట్లు పగలకుండా చేరాయి.

ఆయన భోంచేసి వీధిగడపలో కూర్చుని ఉండగా చేతికిచ్చాను. "ఏమిటిది?" అన్నారు. ఆకాశం వైపు పట్టుకుని చూడమన్నాను. చూశారు. ఒకదాన్ని కాస్త జరిపారు, చెట్లు కలిశాయి, తూము రెండయింది. మళ్లీ వెనక్కి జరిపారు, తూము ఒకటయింది, చెట్లు రెండయ్యాయి. అలా ఎంతసేపు చేశారో. ప్లేట్లు జాగ్రత్తగా నా ఒళ్లో పెట్టి, దొడ్లోకి వెళ్లి గేదెల్ని విప్పారు. మెట్టమీది ఊరికి తోలేసి వచ్చాక, నా దగ్గర కూర్చుని, "నన్ను కొట్టు వసుంధరా" అన్నారు.

నేనిప్పుడు రాలేను మావయ్యా. నేను పడవెక్కితే, భయపడి పుట్టింటివైపు పారిపోయిందంటారు. ఇక ఎవరూ ప్లేట్లు చూడరు. ఇంటింటికీ తిరిగి చూపిస్తున్నాం. ఆయన పట్టుకుంటారు, నేను చెప్తాను. చూసినవాళ్లు సామాను కట్టుకుంటున్నారు. మా పక్కింటి నాగేశ్వరమ్మ పెద్దమ్మ మాత్రం "నీ భయం నాకంటించకే తల్లీ" అంది. ఆవిడకి చూపు సరిగ్గా ఆనదు. ఆవిడకి ప్లేటు చూపించి ఏం లాభమని నేను వచ్చేశాను.

పైన వానలు పడుతున్నాయంటున్నారు. నీళ్లు ఎర్రబడ్డాయి.

వసుంధర


బందరు,
2 సెప్టెంబరు 1958.

అమ్మా,

ఇంజనీరు మీ ఊరు బయల్దేరాడని తెలిసింది. వచ్చాడా? ఇసక బస్తాలు వేస్తున్నారా? ఒక కార్డు ముక్క రాయి. క్షేమం అని ఒక్కమాట చాలు.

ఇప్పుడు నాకు నిద్ర పట్టడంలేదు. స్టూడియోకి వచ్చినవాళ్లని కూర్చోబెట్టి, నల్లగుడ్డలో తల పెడితే, వాళ్ల మొహాల బదులు మీ చెట్లే కనపడుతున్నాయి.

మావయ్య


బందరు,
7 సెప్టెంబరు 1958.

వసుంధరా,

దివిసీమలో ఎక్కడో గండి పడిందని బస్టాండులో చెప్పుకుంటున్నారు. ఏ ఊరో ఎవరికీ తెలియదు. పోస్టాఫీసులో అడిగితే, ఏరు దాటి టపా రావడంలేదన్నారు. ఈ కార్డు ఎలా చేరుతుందో నాకు తెలియదు. మీ అత్తయ్య దేవుడి ముందునుంచి లేవడంలేదు. నేను రేపు పడవలు ఎక్కడిదాకా వెళ్తే అక్కడిదాకా వస్తాను. ఉండమ్మా. ఎక్కడున్నా ఉండు.

మావయ్య


మెట్టమీది స్కూలు నుంచి,
14 సెప్టెంబరు 1958.

మావయ్యకి,

మీరు అవతలి రేవు దాకా వచ్చి, పడవలు నడవక వెనక్కి వెళ్లారని ఇవాళే తెలిసింది. మీ కార్డులు రెండూ ఒకేసారి వచ్చాయి. మేం ముగ్గురం క్షేమం. ఇది అలవాటుకొద్దీ రాసింది కాదు.

ఇంజనీరుగారు వచ్చారు. రాతి అరుగు మీద నేను కొట్టిన గుర్తుల దగ్గర నిలబడి చూసి, ఊరు ఖాళీ చేయమన్నారు. బస్తాలు వేయించారు గానీ, ఆ పని సగంలో ఉండగానే వరద వచ్చింది. పట్టపగలు, వంటలవేళ. చప్పుడు పెద్దగా లేదు మావయ్యా. చెట్లు నడుచుకుంటూ ఏట్లోకి దిగినట్టు దిగాయి. ఆ వెనకే కట్ట. అప్పటికి అందరం మెట్ట ఎక్కేశాం. ఇందిర చంకలో, కెమెరా భుజాన. మీ ఫుల్ ప్లేటు అయితే అక్కడే వదిలేసేదాన్ని. మా ఇల్లు ఉన్నచోట ఇప్పుడు ఏరు ఉంది.

నాగేశ్వరమ్మ పెద్దమ్మ దక్కలేదు. వరదకి ముందే ఆయన ఆవిడని మెట్టమీదికి ఎత్తుకుని తీసుకొచ్చారు. కోళ్లగంప తెచ్చుకోవడానికి ఎవరికీ చెప్పకుండా వెనక్కి వెళ్లింది. చూపు లేని మనిషికి చూపించడానికి ప్లేటే అక్కర్లేదు, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి బీటలో పెడితే సరిపోయేది. ఆ చల్లదనం తనకీ తెలిసేది. నాకు ఆ పని తోచలేదు.

ఇంజనీరుగారు ఏటికి అవతలి కట్టని కూడా తీసి పెట్టమని అడిగారు. ప్లేట్లు వాళ్లే ఇస్తారట. తీస్తానన్నాను.

ఇప్పుడు ఊరంతా ఈ స్కూల్లోనే ఉంటున్నాం. ఒక కొత్త ఇబ్బంది వచ్చింది, అది మీకొక్కరికే రాస్తున్నాను. రోజూ చీకటిపడే ముందు నేను నీటిమట్టం చూడ్డానికి వెళ్తాను. తిరిగొచ్చేసరికి అందరూ మాటలు ఆపేసి నా మొహం చూస్తారు, నన్ను చూసి నవ్వినవాళ్లే. నేను మామూలుగా ఉంటే చాపలు పరుచుకుంటారు. ఒకరోజు కాలిలో ముల్లు విరిగి మొహం చిట్లించుకుని వచ్చాను. అంతే, ఆడవాళ్లు పిల్లల్ని లేపి, మూటలు సర్దేశారు. ముల్లు చూపించేదాకా నమ్మలేదు.

అందుకని గుమ్మం దగ్గరే ఆగి, కొంగుతో మొహం తుడుచుకుని, ఏదో ఒకటి ఇందిరతో నవ్వుతూ మాట్లాడుతూ లోపలికి వస్తున్నాను. వాళ్లు నిద్రపోతున్నారు. ఆయన కూడా నిద్రపోతున్నారు.

నాకు ఇంకా భయంగానే ఉంది మావయ్యా.

వసుంధర